కూర్చునే పని

ఒక పిల్లకు అన్నం సగానికి తగ్గించినవాళ్ళు అదే వారంలో ఆమె పనిని ఎందుకు రెట్టింపు చేశారు?

ఈ ప్రశ్నను నేను ఆమె శిక్షకుడు శివప్రకాశాన్ని అడిగాను. ఆయన నవ్వి, అది బరువులెత్తేవాళ్ళ సంగతి, మీకు అర్థం కాదమ్మా అన్నాడు. పోటీ జరిపిన సంఘానికి వ్రాసి అడిగాను. వాళ్ళ మౌనం నేటికీ కొనసాగుతున్నది. ఒక ప్రశ్నకు సమాధానం రాకపోతే అది కాలక్రమాన మరుగున పడుతుందని వాళ్ళ నమ్మకం కావచ్చు. నేను పడనివ్వను.

యువరాణి మా వీధి పిల్ల. గుడియాత్తంలో, తమిళుల మధ్య, తెలుగు మాట్లాడే నేతవాళ్ళ వీధి మాది. ఆమె తండ్రి దొరస్వామి గుంట మగ్గం మీద లుంగీలు నేసేవాడు, తల్లి మునియమ్మ నూలు చుట్టేది, అన్న పార్థిబన్ తండ్రికి సాయంగా మగ్గంలో దిగేవాడు, అతడు లేని పూట చిన్నప్పటినుంచి ఆమే దిగేది. అది తొంభై నాలుగో సంవత్సరం. దేశం తలుపులు తెరిచిందని పత్రికలు సంతోషంగా వ్రాస్తున్న కాలం. తెరిచిన తలుపుల్లోంచి మా నూలు ఓడలెక్కి వెళ్ళిపోయింది, మరమగ్గం లుంగీ మా వీధిలోకి వచ్చింది. చేతిమగ్గానికి నూలు చిలప దొరకడమే గగనమైన ఆ ఇంటికి ఒకే ఒక దారి కనబడింది. అది ఆ పిల్ల శరీరం.

ఆమె బరువులెత్తేది. బడిలో చదువుకునే రోజుల్లో క్రీడల పోటీకి ఆడపిల్లలు చాలక, లెక్క నింపడానికి ఆమెను నిలబెట్టారు. నిలబెట్టినవాళ్ళే నోళ్ళు వెళ్ళబెట్టారు. తొడలలో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందని మాత్రం ఎవరూ విచారించలేదు. వేలూరులో, సత్తువాచారి పక్కన రేకుల కప్పు కింద నడిచే ఒక వ్యాయామశాలకు ఆమెను పంపారు. పళ్ళికొండ మీదుగా బస్సులో వెళ్ళివచ్చేది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు.

రైల్వేవాళ్ళు క్రీడాకారులకు ఇచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉన్నదని, వేలూరులో జరగబోయే రాష్ట్రపు పోటీకి వాళ్ళ మనుషులు వచ్చి చూసుకుంటారని ఆ ఏటి తమిళ ఆవణి మాసంలో కబురు వచ్చింది. యువరాణి యాభై తొమ్మిది కిలోల తరగతిలో ఎత్తేది. ఆ తరగతిలో చెన్నై పిల్ల ఒకతె ఆమె కంటే చాలా ముందుంది. యాభై నాలుగు కిలోల తరగతిలో అలాంటివాళ్ళు లేరు. యాభై ఎనిమిది కిలోలున్న పిల్ల ఒంటినుంచి నాలుగు కిలోలు దించి, బలం మాత్రం అలాగే ఉంచితే ఉద్యోగం ఆమెదే. శివప్రకాశం వేసిన లెక్క ఇది. లెక్క తప్పు కాదు. దాన్ని అమలు జరిపిన తీరు నేరం.

ఆయన కట్టడపు పనివాళ్ళ కుటుంబంలో పుట్టినవాడు. మాట్లాడేది తెలుగే, పోలికలన్నీ గోడలవే. రాత్రి భోజనం మాన్పించాడు. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం అన్నాడు. కడ్డీకి ఉన్న ఇనుప ప్లేట్లు సగం ఊడదీయించి, మిగిలిన తేలిక బరువును ఊపిరాడనంత వేగంగా, లెక్క తప్పేదాకా ఎత్తి దించమన్నాడు. ఆ తరువాత ఒంటికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని మైదానం చుట్టూ పరుగు.

"ఇదో చూడు పాపా, పాత గోడ ఇడగ్గొట్టకుండా కొత్త గోడ లేపగలమా? కొవ్వంటే పాత గోడ. దాన్ని కొడతానే ఉండాల" అన్నాడు.

"గోడ కొట్టే కూలోళ్ళకు కూడా మద్దేనం సాపాటు పెడతారు గదా మాస్టర్" అన్నది యువరాణి.

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

"నోరు మాత్రం ఎండలేదు నీకు. దాంట్లోనే ఒక కిలో ఉండాది, ముందు దాన్ని దించు."

మూడు వారాలు తిరిగేసరికి ఒంట్లో రెండు కిలోలు పోయాయి. కడ్డీ మీద అంతకంటే చాలా ఎక్కువ పోయింది. అంతకుముందు నవ్వుతూ ఎత్తిన బరువు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

సరిగ్గా ఆ సమయంలో మోహన వచ్చింది. ఆమె ఒడుగత్తూరు రైతు బిడ్డ, బరువులెత్తడం వల్లే రైల్వేలో ఉద్యోగం సంపాదించి పెరంబూరులో ఉంటున్నది. సెలవు మీద ఊరికి పోతూ పాత హాలు చూసిపోదామని దిగింది. యువరాణి చేస్తున్నది కాసేపు చూసి, చేయి పట్టుకుని బయట మెట్ల మీద కూర్చోబెట్టింది.

"ఏం తింటా ఉండావు మే?"

"పొద్దున రెండు ఇడ్లీ. మద్దేనం ఒక గరిటె అన్నం. రాత్రికి మజ్జిగ."

"ఇంతే తిని, ఈ రైలు బండి మాదిరి ఎత్తి దించేది ఎవురు చెప్పినారు?"

"మాస్టర్. కొవ్వు కరగాలంట."

"కొవ్వు కరిగేది కంచం కాడ. ఎత్తే బార్ కాడ కాదు. బార్ కాడ నీ పని ఏందంటే, ఉండే కండకు కాపలా కాయడం. ఇనుకో. ఇంట్లో వరుమానం తగ్గితే ఏం చేస్తారు? వాడని సామాను అమ్ముకుంటారు. ఒళ్ళూ అంతే. కండను నువ్వు గట్టిగా వాడతా ఉంటే దాన్ని ముట్టదు, కొవ్వునే అమ్ముకుంటాది. గట్టిగా వాడాలంటే బరువు తగ్గించకూడదు. ఎత్తే మార్లు తగ్గించాల. నువ్వు చేసేది తలకిందులు."

"మాస్టర్ కోప్పడతారక్కా."

"నేను చెప్తాలే. సెట్లు సగం చెయ్యి. వారానికి మూడు దినాలు సాలు. మిగతా దినాలు ఒళ్ళు ఆనించు. పప్పు, గుడ్డు, శెనక్కాయలు ఇడవాకు, అన్నం కొంచెమే తగ్గించు. మెల్లంగా పోనీ, తొందరేం లేదు. వరసగా రెండు మార్లు బార్ మీద బరువు పడిపోయిందనుకో, యాడో తప్పు ఉండాదని అర్తం. అప్పుడు ఇంకో ముద్ద తిను. లేదంటే ఇంకో పని తగ్గించు. సరేనా?"

"సరే."

"ఇంటికాడ పనేముండాది నీకు?"

"ఏమీ లేదక్కా. కూర్చునే పనే."

"కుట్టు మిషనా?"

"మగ్గం."

"అయితే సరి. కూర్చో. బాగా కూర్చో" అని మోహన భుజం తట్టింది.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. పుట్టినప్పటినుంచి విన్న మాటనే అప్పజెప్పింది. మా నేతవాళ్ళకు పని రెండు విధాలు. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు చాచి, గంజి పట్టించి, అది ఆరేలోగా అటూ ఇటూ పరుగులు పెడుతూ పోగులు విడదీయడం నిలబడే పని. మగ్గం కూర్చునే పని. జ్వరం తగిలినవాణ్ణి పడుగు దగ్గరికి రానివ్వరు. పో, మగ్గంలో కూర్చో అంటారు. నెలలు నిండిన కోడలికి అత్త చూపే దయ అదే. వృద్ధుడికి మిగిలే గౌరవమూ అదే. గుంటలోకి వేలాడే రెండు కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి చెక్కలను అదిమి తొక్కితేనే పడుగు నోరు తెరుచుకుంటుంది. ప్రతి పోగుకూ ఒక తొక్కుడు. ఒక చేయి పోగును మోసే నాడెను విసిరే తాడు గుంజుతుంది, ఇంకొక చేయి పలకను లాగి కొడుతుంది. పొద్దున గుంటలో దిగిన కాళ్ళు దీపం వేళకు గాని పైకి రావు. అయినా మనిషి పిరుదులు గుంట గట్టు మీద ఆనుతున్నాయి కాబట్టి, మా వీధి తీర్పు ప్రకారం, అతడు విశ్రాంతి తీసుకుంటున్నాడు.

ఒడుగత్తూరు పొలాల్లో పెరిగిన మోహన గుంట మగ్గం ఎప్పుడూ చూడలేదు. మగ్గమంటే కూర్చుని వేళ్ళతో చేసే పని అనుకుని వెళ్ళిపోయింది.

మొదటి నెల ఆమె చెప్పినట్టే జరిగింది. రైల్వే మనిషి మాట కాబట్టి శివప్రకాశం మూతి ముడుచుకునైనా ఒప్పుకున్నాడు. మగ్గం అప్పటికింకా పార్థిబన్‌ది. యువరాణి హాలు లేని రోజుల్లో కడుపునిండా కాకపోయినా కావలసింది తిని, పడుకుని, మళ్ళీ హాలుకు వెళ్ళి తక్కువసార్లు, ఎక్కువ బరువు ఎత్తేది. పోయిన బలం తిరిగి వచ్చింది. నడుము సన్నబడుతున్నా కడ్డీ మీది ప్లేట్లు తగ్గలేదు. మజ్జిగ తాగి పడుకునే రాత్రుల్లో మాయమైన ఆమె వెటకారం కూడా తిరిగి వచ్చిందని మునియమ్మ సంతోషించింది.

తరువాత పార్థిబన్ ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. మగ్గం ఖాళీ అయింది. దొరస్వామికి పొద్దుటి పడుగు పనితోనే నడుము పడిపోయేది. అతడు క్రూరుడు కాడు. కూతురి మీద ప్రేమతోనే అన్నాడు:

"బస్సులో పొయ్యి వచ్చి అలిసిపోతా ఉండావమ్మా. ఈ దినం హాలు లేదు గదా, రా, మగ్గంలో కూర్చో. కాళ్ళు ఆడతా ఉంటే పట్టు ఇడుస్తాయి."

ఆమె కూర్చుంది. ఆ వారం హాలు లేని నాలుగు రోజులూ కూర్చుంది. మరుసటి వారం కడ్డీ మీది బరువు పడిపోయింది. ఇంకొకసారి పడిపోయింది. మోహన చెప్పిన సూత్రం యువరాణికి కంఠతా వచ్చు. ఇంకొక ముద్ద తినడానికి పోటీ దగ్గరపడిందన్న భయం అడ్డు వచ్చింది. కాబట్టి పని తగ్గించాలనుకుంది. బుద్ధిగా, నిజాయితీగా వెతికింది. కొళాయి దగ్గరినుంచి బిందెలు మోయడం మానేసింది. పిండి రుబ్బడం తల్లికి అప్పగించింది. పొద్దున పడుగు దగ్గరికి కూడా పోలేదు. పని అని పేరున్న ప్రతిదాన్నీ తీసేసింది. అలా మిగిలిన వేళంతా ఏమయిందో చెప్పనవసరం లేదు. ఊరికే ఉన్న మనిషి మగ్గంలో కూర్చుంటుంది. ఎంత ఎక్కువ విశ్రాంతి వెతికితే అంత ఎక్కువ తొక్కింది.

బరువు మూడోసారి పడిపోయిన రోజున శివప్రకాశం హాలు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూసినారా అందురూ? అది రైల్వే మహారాణి చెప్పిన వైద్దెం. తక్కువ చెయ్యి, తిను, పండుకో. దీన్నే మనూళ్ళో సోమరితనం అంటారు."

"సోమరిగా లేను మాస్టర్. కాళ్ళు రాయి మాదిరి ఉండాయి."

"యాడ అరిగినాయి నీ కాళ్ళు? ఇంటికాడ ఏం చేస్తావు?"

"కూర్చునే ఉంటా."

"మల్ల? కూర్చుంటే రాయే అవుతాయి. ఎల్లుండినుంచి దినం తప్పకుండా రా."

కడ్డీ మీద బరువూ పెరిగింది, ఎత్తే మార్లూ పెరిగాయి, పరుగు మళ్ళీ మొదలైంది. అన్నం మళ్ళీ ఒక గరిటెకు దిగింది. ఈసారి అడ్డుపడేవాళ్ళెవరూ లేరు. మోహన పెరంబూరులో ఉంది. ఆమె చెప్పిన మార్గం విఫలమైందని ఆ పిల్లే నమ్మింది.

మా ఇళ్ళల్లో నెలసరి వచ్చిన ఆడపిల్ల మూడు రోజులు విడిగా కూర్చోవడం అందరి కళ్ళముందూ జరుగుతుంది. యువరాణి కొన్నాళ్ళుగా అలా కూర్చోలేదని ముందుగా గమనించింది తల్లి కాదు, ఎదురింటి అంజలై.

"ఏం మునియమ్మా, మీ పాప ఈ మధ్య మూల కూర్చోలేదే? వేలూరు బస్సులో దేవుడు వరమిచ్చినాడా?"

మునియమ్మ ఆ రాత్రి కూతుర్ని వంటింట్లోకి లాగి తలుపు వేసింది. కూతురి పొట్ట వైపు చూసింది. యువరాణికి అర్థమై పగలబడి నవ్వింది.

"నాకే ఒక గరిటె అన్నం మా, ఇంకొకరిని యాడ పెట్టి సాకేది?"

అయినా తల్లి ఆస్పత్రి నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయింది. నర్సమ్మ చూసి, అలాంటిదేమీ లేదు, రక్తం తక్కువ, ఈ మాత్రలు మింగమని చెప్పింది. మునియమ్మ వినాయకుడికి పిళ్ళారి కోవెలలో కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరికాయతో విచారణ ముగిసింది. గర్భం కాదని తేలిన తరువాత ఆ ఒంట్లో ఇంకేం జరుగుతున్నదో తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు. ఆకలితో ఉన్న శరీరం ముందుగా బిడ్డను కనే ఏర్పాటును ఆపుకుంటుంది, ఆ పిమ్మట ఎముకలోంచి తీసి తింటుంది. నేను చెబుతున్నది రహస్య శాస్త్రం కాదు. ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది.

పోటీ దగ్గరపడగా కుడి తొడ మొదట్లో నొప్పి మొదలైంది. ముందు మెట్లు ఎక్కేటప్పుడే. తరువాత పడుకున్నా పోలేదు. శివప్రకాశం కండ పట్టిందన్నాడు. దొరస్వామి ఆముదం కాచి, తానే కూర్చుని కాలికి రుద్దాడు. రుద్దుతూ, "ఇంక హాలు కాడినుంచి వచ్చినాక నడవాకమ్మా. మగ్గంలోనే కూర్చో" అన్నాడు.

పోటీ వేలూరులో ఒక బడి హాలులో జరిగింది. ముందురోజు మధ్యాహ్నంనుంచి ఆమె గొంతులో చుక్క నీరు పోలేదు. తూకపు యంత్రం యాభై నాలుగుకు కొద్దిగా తక్కువ చూపింది. శివప్రకాశం దొరస్వామిని కౌగిలించుకున్నాడు. రైల్వేనుంచి వచ్చిన ఇద్దరూ ముందు వరుసలో కూర్చున్నారు.

మొదటి విధానంలో, నేలమీది కడ్డీని ఒకే ఊపున తలపైకి ఎత్తే దాంట్లో, ఆమె రెండుసార్లు నెగ్గింది. ముందు వరుసలో తలలు ఒకదాని వైపు ఒకటి వంగాయి. రెండో విధానంలో కడ్డీని ముందు భుజాల మీదికి తీసుకోవాలి, లేచి నిలబడాలి, ఆపైన కాళ్ళు ముందుకూ వెనక్కూ చాపి తలపైకి తోయాలి. భుజాల మీదికి తీసుకుంది. లేచింది. లేచేటప్పుడు పెదవి కొరుక్కుంది, దొరస్వామి చూశాడు. కుడికాలు ముందుకు వేసింది. కడ్డీ చెక్క వేదిక మీద పడిన శబ్దంలో ఇంకొక శబ్దం కలిసిపోయింది.

"లెయ్! లెయ్ పాపా! ఇంకో మారు ఉండాది నీకు!"

అది శివప్రకాశం గొంతు. ఆమె కాలు నడుము కింద మామూలు మనిషి కాలు ఉండకూడని దిక్కుకు తిరిగి ఉంది. ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో చిత్తూరు వైపునుంచి వచ్చిన డాక్టరమ్మ చూసింది. తొడ ఎముక తుంటికి అతికే చోట విరిగింది. ఈ ఒక్కరోజులో విరగలేదు, వారాలుగా వెంట్రుక మందాన చీలుతూ వచ్చిందని ఆమె చెప్పింది. మరలు బిగిస్తారు. మునుపటిలా నడుస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది. ఆ పైన మంచం పక్కకు వచ్చి అడిగింది.

"హాలు కాకుండా ఇంట్లో ఏం పని చేస్తావమ్మా? నడిచే పనా, మోసే పనా?"

"ఏమీ లేదు డాక్టరమ్మా. కూర్చునే పనే."

"కూర్చుని ఏం చేస్తావు?"

యువరాణి చెప్పబోయి ఆగింది. ఎప్పుడూ మాటల్లో చెప్పవలసి రాలేదు. దిండుకు ఆనుకుని, కుడి చేత్తో గాలిలో తాడు గుంజింది, ఎడమ చేత్తో పలక లాగింది, దుప్పటి కింద మంచిగా ఉన్న ఎడమ కాలితో తొక్కింది. ఒకసారి తొక్కి ఆపలేదు. అలవాటైన కాలు, దానంతట అదే పోయింది. గుంజు, తొక్కు, కొట్టు. దుప్పటి జారింది. మగ్గం లేదు, పడుగు లేదు, కింద గుంట లేదు. కర్రలా సన్నబడిన తొడ మీద కండ బిగిసి, వదిలి, బిగిసి.

"ఎంతసేపు ఇలా?" అన్నది డాక్టరమ్మ.

"పొద్దుపోయేదాకా. హాలు లేని దినాల్లోనే. దినమూ హాలు పెట్టినాక కొంచెమే."

మంచం కాళ్ళ వైపు దొరస్వామి నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళు మగ్గంలో గడిపిన మనిషి. గుంటలో, చీకట్లో, బట్ట కింద ఉండవలసిన కాలును వెలుతురులో అంతసేపు చూడటం అతనికి అదే మొదలు. ముందుకు వచ్చి ఆ పాదాన్ని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"ఆపమ్మా" అన్నాడు. "ఆపు. సాలు. అమ్మణ్ణీ, ఆపు."

ఉద్యోగం వేరొక పిల్లకు వెళ్ళింది. యువరాణి కుడికాలు ఇప్పుడు ఎడమకాలికంటే పొట్టి. కర్రతో నడుస్తుంది. కాలు మడతపడదు కాబట్టి గుంటలో కూర్చోలేదు, గొంతుకూర్చుని నూలు చుట్టలేదు. దొరస్వామి మగ్గాన్ని విప్పి గుంటను పూడ్చేశాడు. ఆ పని ఒక్కడే చేశాడు, ఎవరినీ రానివ్వలేదు. మోహన ఒకసారి వచ్చి, ఆ పూడ్చిన చోటు చూసి, అక్కడ ఏముండేదో, దానిలో కాళ్ళు ఏం చేసేవో మునియమ్మ చెప్పగా విని, ఏమీ తాగకుండా వెళ్ళిపోయింది. శివప్రకాశం మాత్రం తన దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ కథ చెబుతూనే ఉన్నాడు. ఆయన చెప్పే కథలో ఆ పిల్లకు మనోబలం చాలలేదు.

ఆ హాలుకు ఇప్పుడు సుగన్య అనే అమ్మాయి వెళుతున్నది. సత్తువాచారి మేస్త్రీ కూతురు. ఆమెను కింది తరగతికి దింపాలని నిర్ణయమైంది. గత అమావాస్యనుంచి రాత్రి అన్నం మానేసింది. తండ్రి పని జరిగే చోట పగలంతా ఇటుకలు అందిస్తుంది. అడిగితే తండ్రికి తోడుగా ఉంటున్నానని చెబుతుంది. ఆమె తల్లిదండ్రులు మన భాషే మాట్లాడతారు, కానీ ఈ అక్షరాలు వాళ్ళకు రావు. నేను వ్రాసినది వాళ్ళు చదవలేరు.

మీరు చదివారు. కాబట్టి ఈ పుస్తకం మూసి ఆ ఇంటికి వెళ్ళండి. ఆ పిల్ల పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా చేతులతో, కాళ్ళతో ఏం చేస్తుందో, దానికి వాళ్ళు ఏ పేరు పెట్టుకున్నా సరే, చేసి చూపమనండి. నెలసరి ఎప్పుడు వచ్చిందో తల్లిని అడగండి. ఆ పిల్ల కంచంలో అన్నం వడ్డించి, తినేదాకా అక్కడినుంచి కదలకండి.